రుయిలాన్ పిప్పి చదివిన ఉదయం

చెంగ్ రుయిలాన్ తండ్రి నాడి చూడడం కొడుక్కే నేర్పాడు. పాఠం చెప్పేటప్పుడు తలుపు వేసుకునేవాడు. పెళ్లయి వెళ్లే పిల్లతో ఇంటి విద్య పరాయి ఇంటికి పోతుందని ఆయన భయం. చివరికి ఆమె ఏ ఇంటికీ పోలేదు. ఆమెకు దక్కినవి మందుల సొరుగులు, చిన్న త్రాసు. ఒక్క మాట అనలేదు. అనకపోవడం మంచితనమని ఊళ్లో మేమంతా మెచ్చుకున్నాం కూడా. ఆ మెప్పులో మా తప్పు ఎంతుందో ఇప్పుడు తెలుస్తోంది.

అన్న బోయువాన్ మందుల కొట్టులో రాసిన ప్రతి చీటీ ఆమె చేతి మీదుగానే పోయేది. ఎవరు ఏ మందు తాగి లేచి తిరిగారో, ఎవరు మళ్లీ మూలుగుతూ వచ్చారో ఇరవై రెండేళ్లు చూసింది. ఒకే దగ్గుకు ఒకరికి చలువ మందు, ఇంకొకరికి వేడి మందు ఎందుకో ఆలోచిస్తూ తూచేది. మందు కోసం కూర్చున్నవాళ్ల మణికట్టు పట్టుకుని నాడి తనే నేర్చుకుంది. అన్నకు అంతుపట్టని రోజున చీటీ ఆమే రాసేది. ముద్ర మాత్రం అన్నది.

ప్లమ్ పళ్లు పండే వానల్లో మా ఊరు నీళ్లలో కరిగిపోతున్నట్టుంటుంది. నది ఎక్కడ ఆగిందో, పొగమంచు ఎక్కడ మొదలైందో తెలియదు. ఈ ఏడు అలాంటి ఒక ఉదయం, మూలికలు కొనడానికి కొండకు వెళ్లి మూడు రోజుల తర్వాత తిరిగొస్తున్న రుయిలాన్ కూడలిలో ఆగిపోయింది. కాచిన మందు పిప్పిని మేం కూడలిలో పోస్తాం; నలుగురూ తొక్కితే రోగం వాళ్ల కాళ్లతో వెళ్లిపోతుందని. అక్కడ మూడు కుప్పలున్నాయి. మూడూ అవే చలువ మందులు. మూడో దానిలో పసుప్పచ్చని చేదు వేరు రెట్టింపు. గుణమిస్తే మందు పెంచరు. తడి రాళ్ల మీద పిప్పి నుంచి కారిన పసుపు చుక్కల వెంట కలలో నడిచినట్టు నడిచి, పడవ ఉన్న హు దెషున్ గుమ్మంలో తేలింది.

లోపల అతని భార్య పెయ్‌హువా పదిహేను రోజుల జ్వరంతో బొంత కప్పుకుని ఉంది.

"దాహమేస్తోందా?" అడిగింది రుయిలాన్.

"వేస్తోంది వదినా. డాక్టరుగారికీ అదే చెప్పా."

"చన్నీళ్లా, వేన్నీళ్లా?"

"వేన్నీళ్లే. రెండు గుక్కలు చాలు. అది ఆయన అడగలేదు."

"పడవ తోసిన రోజు దీని ఒళ్లు మరీ కాలిపోతుందక్కా," అన్నాడు దెషున్. "ఇంట్లో కూర్చోమంటే వింటుందా?"

"నువ్వు తోస్తే కూర్చునేదాన్ని."

రుయిలాన్ మూడు వేళ్లు మణికట్టు మీద పెట్టి కళ్లు మూసుకుంది. చూరు నుంచి చుక్కలు ఒక్కొక్కటిగా రాలుతున్నాయి. నాడి పైపైన పెద్దగా ఉంది. నొక్కితే అడుగున ఏమీ లేదు, నీళ్ల మీద తేలే ఖాళీ పడవలా. ఇది మండుతున్న వేడి కాదు. సత్తువ అడుగంటి పైకి తేలిన వేడి. దీన్ని చల్లార్చకూడదు, ఆ సత్తువకు తిండి పెట్టాలి.

కొట్టుకు వెళ్లి అన్నతో చెప్పింది. "పెయ్‌హువాకు చలువ ఆపెయ్ అన్నా. సత్తువకు జిన్సెంగ్, హువాంగ్‌చీ వేరు, అతిమధురం ఇద్దాం."

"జ్వరానికి జిన్సెంగా? మండే పొయ్యిలో కట్టెలు పెట్టమంటున్నావ్."

"వేన్నీళ్లు అడుగుతోంది. నాడి నొక్కి చూశావా?"

"నీ పని తూచడం."

"తూస్తా. ముద్రెయ్. ఇంకో రెండ్రోజులు చలువ తాగితే మనిషి దక్కదు."

బోయువాన్ గొడుగు తీసుకుని దెషున్ ఇంటికి వెళ్లి, నాడి నొక్కి చూసి వచ్చాడు. ముద్ర వేశాడు.

ఆరో రోజుకు జ్వరం దిగింది. పెయ్‌హువా గంజిలో ఆవకూర ఊరగాయ నంజుకుంది. దెషున్ వైద్యుడికి కృతజ్ఞతగా ఎర్ర పట్టు జెండా కుట్టించి కొట్టుకు తెచ్చాడు. బంగారు దారంతో చెంగ్ బోయువాన్ అని పేరు.

"చీటీ మీద పేరు ఆయనదే కదక్కా," అని చెవి గోక్కున్నాడు.

"పర్లేదు. గోడకు మేకు నేనే కొడతాలే," అంది రుయిలాన్.

కొట్టింది. మర్నాడు వెళ్లి, కాలేజీకి పోకుండా ఏళ్ల తరబడి పనిలో నేర్చుకున్నవాళ్లకు పెట్టే వైద్య పరీక్ష దరఖాస్తు తెచ్చుకుంది. దానికి ఇద్దరు వైద్యుల సిఫారసు కావాలి. బోయువాన్ రెండు వారాలు నాన్చి సంతకం చేశాడు. రెండో సంతకం దొరకలేదు. అడిగిన ముగ్గురు వైద్యులూ "బోయువాన్ చెల్లెలు అంటే త్రాసు పట్టుకునే ఆవిడేగా" అన్నారు.

చదువుతున్నవాళ్లలో వైద్యులుంటే ఒక పూట వచ్చి ఆమె పక్కన కూర్చోండి. ఆమె ఏం అడుగుతుందో వినండి. నమ్మకం కుదిరితే సంతకం పెట్టండి. ఆ కొట్టు మందుతో కోలుకున్నవాళ్లు, మిమ్మల్ని ప్రశ్నలు అడిగింది ఎవరో మీ చేతిరాతతో రాసి పంపండి. చేమంతులు కోతకొచ్చేలోగా కొట్టుకు పంపండి; దరఖాస్తు గడువు అప్పటిదాకే.