వదిన పస్తు పెట్టిన సీసాలు

మా వదినతో వాదించి గెలిచినవాళ్లు మా ఇంట్లో లేరు. అన్నయ్య ఎప్పుడో చేతులెత్తేశాడు. ఆమె పనిచేసే సముద్ర పరిశోధనశాలలోనే సీసాలు కడిగే ఉద్యోగం నాది. ఆడపడుచునన్న మర్యాద అక్కడా దక్కదు.

వదిన పెంచేవి గోధుమరంగు నూలుపోగుల్లాంటి సూక్ష్మజీవులు. నడిసముద్రానికి ఎరువు వేసేది అవే. నీళ్లలో కరిగిన గాలి నుంచి నత్రజని పట్టి తిండిగా మార్చుకుంటాయి. అందులో కొంత బయటికి కారితే చిన్న నాచులు బతుకుతాయి, వాటి మీద పురుగులు, పురుగుల మీద చేపలు. నన్ను అన్నం తిననివ్వకుండా ఆమె చెప్పిన సంగతులివి.

కొత్తగా వచ్చిన పెద్దసారుకు పొదుపు పిచ్చి. సీసాకో రకం నీళ్లెందుకని అన్నిటికీ ఒకే డ్రమ్ములో కలిపించాడు. అందులో నత్రజని ఎరువు దండిగా ఉంది. వదిన ఒప్పుకోలేదు. తన పాపకు జ్వరమొచ్చి ఆమె సెలవు పెట్టగానే, ఆయన దగ్గరుండి ఆ నీళ్లు పోయించాడు. నేను అడ్డుపడితే, "నీ పని నువ్వు చూసుకో" అన్నాడు. ఒళ్లు మండిపోయింది.

వదిన తిరిగొచ్చేసరికి పోగులు నిగనిగలాడుతున్నాయి. నత్రజని ఎంత పడుతున్నాయో కొలిచే యంత్రం మాత్రం సున్నా చూపిస్తోంది.

"ఇవి నత్రజని పట్టే రకమే కాదమ్మా. శుక్రవారానికి పారబోసి గది ఖాళీ చెయ్యి" అన్నాడు సారు.

"మీరు ఎరువు వండి వడ్డిస్తుంటే పొయ్యి ఎవరు వెలిగిస్తారండీ?" అంది వదిన.

మిగతా ఉప్పులన్నీ వేసి, నత్రజని లేని నీళ్లలోకి పోగుల్ని మార్చింది. సగం తెల్లబడి చచ్చాయి.

"పారబోసేద్దామా వదినా?"

"నోర్మూసుకో. సగం ఉన్నాయిగా."

ఎరువు లేక పాలిపోయిన నాచు సీసాలు రెండు తీసి, ఒకదాంట్లో కొన్ని పోగులు వేసింది. రెండోదాన్ని అలాగే ఉంచింది.

శుక్రవారం సారు బకెట్ పట్టుకుని స్వయంగా వచ్చాడు. వదిన బల్లకు అడ్డంగా నిలబడింది.

"ముందు చూడండి. తర్వాత నన్ను కూడా అందులో వేసుకుపోండి."

పోగులు వెయ్యని నాచు పాలిపోయే ఉంది. వేసినది పచ్చగా తేరుకుంది. యంత్రం కూడా సున్నా దాటింది.

ఆయన రెండు సీసాలూ వెలుతురుకు ఎత్తి చూశాడు. "సరే, గది ఉంచుకో. నా పర్యవేక్షణలో కోలుకున్నాయని పైవాళ్లకు చెబుతాను."

హమ్మయ్య అనుకున్నాను. వదిన ఊరుకుంటే కదా.

"మీరు తిండి పెడితే పని మానేశాయి. నేను పస్తు పెడితే చేశాయి. చెబితే అది చెప్పండి. లేదంటే గది తీసేసుకోండి."

సారు ఖాళీ బకెట్ మోసుకుంటూ వెళ్లిపోయాడు.