పిలిస్తే వచ్చిన గుర్రం

నన్ను నమ్మిన గుర్రాన్ని నేనే పిలిచి లారీ ఎక్కించాను. కొట్టలేదు. తాడు బిగించలేదు. పిలిచాను, వచ్చింది, ఎక్కింది. వెనక తలుపు వేసేశారు. నేను చేసిన పని ఇదీ. ముందు ఇది తెలుసుకుని, ఆ తర్వాత మిగతాది వినండి.

మా రేపల్లెలో నలుగురు చేరినచోట నన్ను కొండల కబుర్లు అడుగుతారు. సైన్యంలో ఉండగా మంచులో కంచరగాడిదల మీద రేషను మోయించినవాణ్ణి కదా, అవి చెప్పమంటారు. చెబుతాను. వాటిలో దాచుకోవాల్సింది ఏమీ లేదు. తుపాకీ పట్టినవాడికి ఇచ్చే మర్యాద కంచరగాడిద తాడు పట్టినవాడికి ఇవ్వరు, ఆ మంట నాకు ఇప్పటికీ ఉంది. అది వేరే సంగతి. నా ఆఖరి డ్యూటీ గురించి మాత్రం ఎవరూ అడగరు. అది డ్యూటీ అని కూడా వాళ్లకి తెలియదు. సూర్యలంక బీచిలో గుర్రాలు తిప్పాడు ముసలాడు, అంతే వాళ్లకి.

దీపావళి వెళ్లిన వారంలో చేరాను. తెల్లారగట్ల బస్సెక్కి బాపట్లలో దిగి, అక్కణ్ణుంచి షేర్ ఆటో. రొయ్యల చెరువులు, తర్వాత సరుగుడు తోటలు, తర్వాత ఇసక. తూర్పుగాలి. సన్నటి జల్లు. నా సామాను ఒక రేకు ట్రంకు, దుప్పటి, గుర్రం ఒళ్లు తోమే మాలీసు బ్రష్షులు రెండు, గిట్టలు శుభ్రం చేసే కొక్కెం, నూలు తాళ్లు. నైలాను తాడు నేను వాడను. మనిషి చేతినీ కోస్తుంది, గుర్రం మూతినీ కోస్తుంది.

పోస్టు అంటే తోట అంచున రేకుల షెడ్డు. ఐదు గుర్రాలు. చేతిపంపు, నీళ్లు కాస్త ఉప్పన. ఒడ్డున ఒక మనిషి, షెడ్డులో ఒక మనిషి, ఇద్దరి దగ్గరా వాకీటాకీలు. ఒడ్డున ఉండేవాడిది ఈపురుపాలెం. సైన్యంలో వైర్‌లెస్ పని చూసే సిగ్నల్స్‌లో నాయక్‌గా చేసి వచ్చాడు. నన్ను చూడగానే నిటారుగా నిలబడి సెల్యూట్ కొట్టాడు.

"హవల్దార్ సాబ్, ఇక్కడ శత్రువు శనివారం, ఆదివారం మాత్రమే వస్తాడు. గుంటూరు నుంచి, తెనాలి నుంచి, కార్లేసుకుని. ఫొటోలు తీసి చంపుతాడు."

ఓనరుది తెనాలి. హార్డ్‌వేర్ వ్యాపారం. మొదటిరోజే షెడ్డుకి వచ్చి ఆర్డరిచ్చాడు. "సుబేదారుగారూ, నాలుగూ బాగానే ఉన్నాయి. ఆ ఐదోదాన్ని ఎండాకాలానికి పిల్లలు ఎక్కేలా చెయ్యాలి. ఎలా చేస్తారో మీ ఇష్టం."

నేను సుబేదారుని కాను. హవల్దారుగానే దిగిపోయాను. దిద్దలేదు. ఆ పిలుపు నాకు బాగుంది. యూనిఫాం విప్పాక నాకు ఆర్డరిచ్చిన మొదటి మనిషి అతను. అదీ బాగుంది.

ఐదోది తెల్లటి ఆడగుర్రం. ఎడమ దవడ మీద ఒక్క నల్లమచ్చ. అందుకే చుక్క అన్నారు. పెళ్లి ఊరేగింపుల్లో గుర్రాన్ని ఆడించేవాళ్ల దగ్గర కొన్నారు దాన్ని. ఆ ఆట ఎలా నేర్పుతారో చప్పట్లు కొట్టే మీకు ఎవరూ చెప్పి ఉండరు. నేను చెబుతాను. రెండు గుంజల మధ్య తల కదలకుండా కట్టేస్తారు. ఒకడు డప్పు వాయిస్తాడు, ఇంకొకడు ముంగాళ్ల మీద బెత్తంతో కొడతాడు. దెబ్బ తప్పించుకోడానికి అది కాలెత్తుతుంది. కొన్నాళ్లకి బెత్తం అక్కర్లేదు. డప్పు వినబడితే చాలు, కాళ్లు వాటంతటవే లేస్తాయి. దాన్ని మీరు డాన్సంటారు. పెళ్లికొడుకు ముందు నోట్లు ఊపుతూ వీడియో తీస్తారు.

చుక్క దగ్గర ఎవరైనా చెయ్యెత్తితే వెనక్కాళ్ల మీద లేచేది. చెవి ముట్టుకోనిచ్చేది కాదు. మనిషి నీడ పడితే గోడకి ఒత్తుకుపోయేది.

మొదటి వారమంతా నేను దాన్ని ముట్టుకోలేదు. దాని దడిలోకి వెళ్లి, బకెట్ బోర్లించుకుని, దానికి వీపు పెట్టి కూర్చున్నాను. వాకీటాకీ సెట్టులో నాయక్ పలికాడు.

"సాబ్, ఏం చేస్తున్నారు? ఓవర్."

"కూర్చున్నా."

"గుర్రం ఏం చేస్తోంది?"

"నిలబడింది."

"మీ ఇద్దర్లో జీతం ఎవరికివ్వాలో ఓనర్ని కనుక్కుంటా. ఓవర్."

వారం తిరిగేసరికి నా మెడ మీద వెచ్చగా ఊపిరి తగిలింది. కదల్లేదు. మర్నాడు చొక్కా కాలరు వాసన చూసింది. ఆ తర్వాత నా చెయ్యి దాని భుజం మీదికి, అక్కణ్ణుంచి మెడకి. చెవి దాకా వెళ్లడానికి చలికాలం సగం పట్టింది. అది బెదిరే హద్దు ఎక్కడుందో అక్కడే ఆగాలి. అది నిబ్బరపడగానే మనం ఒకడుగు వెనక్కి వెయ్యాలి. ముందుకి కాదు, వెనక్కి. అప్పుడు దానికి అర్థమవుతుంది, వీడు నా మాట వింటాడని. తాడూ అంతే. లాగి పట్టుకుంటే అది ఎదురు లాగుతుంది. అది ఒక్కడుగు వేసిన క్షణంలో తాడు వదులు చెయ్యి, రెండో అడుగు అదే వేస్తుంది.

ఇవి నాకు ఎవరూ పాఠం చెప్పలేదు. ఐదో తరగతితో బడి మానేసినవాణ్ణి. సైన్యంలో నాకు నేర్పింది మూతికి తాడు మెలిపెట్టి లొంగదీయడం. అలా లొంగిన కంచరగాడిద మైదానంలో బాగానే నడుస్తుంది. పక్కన లోయ ఉన్న ఇరుకుదారిలో నిలబడిపోతుంది, చంపినా కదలదు. నమ్మకం ఉన్నది మాత్రం నీ వెనకే అడుగులో అడుగేసుకుంటూ వస్తుంది. అలా చూసి చూసి నేర్చుకున్నాను.

కార్తీకమాసం స్నానాల జనం తగ్గాక ఒక అమ్మాయి స్వారీ నేర్చుకుంటానని వచ్చింది. బాపట్లలో సైన్సు టీచరు. బడికి ముందు స్కూటీ మీద వచ్చేది. నెల తిరిగినా నేను ఆ పిల్లని గుర్రం ఎక్కనివ్వలేదు. నేల మీద చుక్క పక్కన నడవడమే పని. ఆగితే ఆగాలి, తిరిగితే తిరగాలి, తాడు మాత్రం వేలాడుతూ ఉండాలి.

"ఎప్పుడు ఎక్కిస్తారండీ బాబాయిగారూ?"

"అది ఎక్కమన్నప్పుడమ్మా."

"అది చెప్పేలోపు నాకు రిటైర్మెంట్ వచ్చేలా ఉందండి."

నవ్వేది, కానీ విసుక్కోలేదు ఎప్పుడూ. చుక్క ముందు నన్ను నమ్మింది, తర్వాత ఆ పిల్లని. సరుగుళ్ల మధ్య వదిలేసి, "రా తల్లీ" అని నేను మెల్లగా పిలిస్తే, ఎంత దూరాన మేస్తున్నా తలెత్తి వచ్చేది. అది నేర్పిన రోజు టీచరమ్మకి గట్టిగా చెప్పాను.

"అమ్మా, ఇది బాగా మనసులో పెట్టుకో. పిలిస్తే వచ్చిన గుర్రానికి ఎప్పుడూ చెడు జరక్కూడదు. మందు పొయ్యాలా, సూది వెయ్యాలా, నువ్వే దాని దగ్గరికి వెళ్లి చెయ్యి. పిలిచి మాత్రం చెయ్యకు."

"చేస్తే ఏమవుతుందండీ?"

"నీ మాటకి విలువ పోతుంది. మళ్లీ రాదు."

అదొక్కటే చెప్పాను. చేసిన మనిషికి ఏమవుతుందో అప్పటికి నాకూ తెలియదు.

మాఘంలో టీచరమ్మ చుక్క మీద కూర్చుంది. కళ్లెం లేకుండా, మెడకి నూలు తాడు చుట్టుకుని ఒడ్డు పొడుగునా నడిపింది. ఆ పిల్ల ఊపిరి వదిలితే గుర్రం ఆగేది. అంతవరకు నా డ్యూటీ మచ్చలేనిది. అక్కడ ఆగిపోయి ఉంటే మీకు గర్వంగా చెప్పేవాణ్ణి.

చైత్రంలో ఒక పెళ్లివాళ్లు బీచిలో వీడియో తీయించుకుంటూ డప్పులు తెచ్చారు. మొదటి దెబ్బకే చుక్క కాళ్లు లేచాయి. ఒళ్లంతా వణుకు. మీద టీచరమ్మ ఉంది. లాగలేదు, అరవలేదు, మెడ మీద చెయ్యి పెట్టి ఊపిరి వదులుతూ కూర్చుంది. కాసేపటికి కాళ్లు దిగాయి. డప్పు మోగుతూనే ఉంది, గుర్రం నిలబడింది. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఓనరు కూడా ఆరోజు అక్కడే ఉన్నాడు. అతనికి కనబడింది వేరు. డప్పుకి ఆడుతుంది, పైన ఆడపిల్ల కూర్చున్నా కిందపడెయ్యదు. వైశాఖం ముహూర్తాలకి ఇలాంటి గుర్రం కోసం బ్యాండువాళ్లు ఎగబడతారు. నేను నేర్పిన మంచితనమే దాన్ని అమ్ముడుపోయేలా చేసింది.

లారీ వచ్చిన రోజు పొద్దుటే ఎండ మండుతోంది. బ్యాండువాళ్లు ముగ్గురు దిగారు. ఒకడి చేతిలో బెత్తం. చుక్క వాళ్లని చూడగానే తాడు తెంపుకుని సరుగుడు తోటలోకి పోయింది. గంటలకొద్దీ వెతికారు. కనిపించేది, దగ్గరికి రానిచ్చేది కాదు. చెమటలు కక్కుతూ షెడ్డు నీడన చతికిలబడ్డారు.

అప్పుడు టీచరమ్మ ఫోను, లారీ వచ్చిన సంగతి ఎవరో చెప్పారట.

"బాబాయిగారూ, ఒక్కపూట ఆపండి. మా మావయ్యగారూ ఓనరుగారూ బాగా తెలిసినవాళ్లే. సాయంత్రం రైలుకి మావయ్య దిగుతున్నారు. ఆయన మాట్లాడి చుక్కని మేమే తీసుకుంటాం. మీరేం చెయ్యక్కర్లేదండి. ఊరికే ఉండండి, చాలు."

"అలాగేనమ్మా," అన్నాను.

ఊరికే ఉండటం. నా నుంచి అడిగింది అంతే. వారంపాటు గుర్రానికి వీపు పెట్టి ఊరికే కూర్చున్న మనిషిని.

మధ్యాహ్నం సెట్టు పలికింది. ఒడ్డు నుంచి ఓనరు గొంతు. నాయక్ దగ్గర సెట్టు తీసుకున్నాడు.

"సుబేదారుగారూ, మీరు పిలిస్తే వస్తుందట కదా. పిలిచి ఎక్కించండి. వాళ్లకి రాత్రికి ఊరేగింపుంది."

 బ్యాండువాళ్లు ముగ్గురూ నావైపే చూస్తున్నారు. సెట్టు మళ్లీ పలికింది. ఈసారి నాయక్.

"సాబ్, ఇక్కడ గాలి బాగా ఎక్కువగా ఉంది. మీకు ఓనరుగారి మాట వినబడి ఉండదు. ఓవర్."

సిగ్నల్స్‌లో బతుకు గడిపిన మనిషి. ఓనరు పక్కనుండగానే నాకు దారి తీసి ఇచ్చాడు. నేను నోరు మూసుకుంటే సరిపోయేది.

"వినబడింది," అన్నాను. "ఓవర్."

ఎందుకన్నానో మీకేదో సర్దిచెప్పొచ్చు. వాళ్లు కొట్టి పట్టుకుంటారేమో, అంతకంటే ఇదే మేలనుకున్నానని. ఆరోజు నాకు నేను అదే చెప్పుకున్నాను. అబద్ధం. సాయంత్రం దాకా అది వాళ్ల చేతికి చిక్కేది కాదు. అసలు సంగతి, నా వల్ల కాదనుకుంటారని భయం. ముగ్గురు కుర్రవెధవలు చూస్తుండగా, సుబేదారు అని పిలిచినవాడు వింటుండగా, నా విద్య చూపించాలని ఉబలాటం. ఆర్డరు అనే మాట దానికి ముసుగు.

తోట అంచుకి వెళ్లి పిలిచాను.

వచ్చింది. చెట్ల మధ్యనుంచి మామూలు నడకతో, బెత్తం పట్టుకున్నవాడి పక్కనుంచే వచ్చింది. వాణ్ణి చూసింది, నన్ను చూసింది, చెవులు నావైపు తిప్పి నడిచింది. మూతి నా చొక్కాకి ఆనించింది. గుప్పెట్లో నానిన ఉలవలు పెట్టాను. చెక్క పలక మీదుగా లారీలోకి నేను ముందు నడిచాను. వెనకే ఎక్కింది. తెగగా మిగిలిన తాడు మా ఇద్దరి మధ్య వేలాడుతూనే ఉంది. లోపల ఒకసారి మెడ నిమిరి, పక్కనుంచి దూరి దిగాను. తలుపు పడింది.

"అబ్బ, ఏం ట్రైనింగండీ," అన్నాడు ముగ్గురిలో ఒకడు.

లారీ ఇసకలో మెల్లగా కదిలింది. పలకల సందులోంచి దాని తల కనబడింది. బెదిరిన గుర్రం చెవులు వెనక్కి పడతాయి. దాని చెవులు పడలేదు. రెండూ నావైపే నిక్కి ఉన్నాయి. ఇంకా ఏదో చెబుతానని వింటోంది. కొండల్లో చచ్చినవాళ్లని చూశాను, మోశాను. వాళ్ల ముఖాలు చెరిగిపోయాయి. ఈ రెండు చెవులు పోవడంలేదు.

ఒడ్డు నుంచి నాయక్ నడుచుకుంటూ వచ్చాడు. సెట్టు తెచ్చి నా ట్రంకు మీద పెట్టాడు.

"సాబ్, ఇవాళ నిజంగా సుబేదారయ్యారు," అన్నాడు. మళ్లీ నాతో మాట్లాడలేదు.

సాయంత్రం టీచరమ్మ, వాళ్ల మావయ్య వచ్చారు. ఆ పిల్ల ఖాళీ దడి చూసింది. కొట్టారా, కట్టి లాక్కెళ్లారా అని నాయక్‌ని అడిగింది. లేదన్నాడు. చుక్క ఎలా ఎక్కిందో అప్పుడు ఆ పిల్లకి అర్థమైంది. నావైపు తిరిగి చూడకుండా స్కూటీ ఎక్కింది. మర్నాడు నేను రేపల్లె బస్సెక్కాను. ఎవరూ పొమ్మనలేదు.

ఆ ఎండాకాలమంతా తెనాలిలో కల్యాణ మండపాల ముందు నిలబడ్డాను. తెల్లగుర్రం కనబడితే ఎడమ దవడ చూసేవాణ్ణి. ఒక్కటీ చుక్క కాదు. ఆడుతున్న గుర్రాల కాళ్లు చూసి, బుద్ధుందా మీకు అని అరవబోయి, నోట్లోనే మింగాను. ఏ ముఖం పెట్టుకుని? బెత్తం పట్టినవాడు తాను కొడుతున్నానని దాచడు. నేను ఉలవలు పెట్టాను.

టీచరమ్మకి ఫోన్ చేస్తే ఎత్తేది కాదు. తప్పు చేశానని, చుక్క ఎక్కడుందో తెలిస్తే చాలని, వాయిస్ మెసేజ్ పెట్టాను. ఆషాఢం వెళ్లింది, శ్రావణం వెళ్లింది. వారానికొకసారి పెడుతూనే ఉన్నాను. మొన్న కార్తీకంలో జవాబు వచ్చింది. అదీ వాయిస్ మెసేజే. ఉన్నదున్నట్టు చెబుతున్నాను.

"బాబాయిగారూ, నమస్కారమండి. చుక్క దొరికింది. కాలు వాచి ఊరేగింపులకి పనికిరాదని బ్యాండువాళ్లు వదిలేస్తే, మా మావయ్య కొలకలూరులో వాళ్ల తోటకి తోలుకొచ్చారు. వాపు తగ్గింది, మేత తింటోంది. చెయ్యెత్తితే మాత్రం మళ్లీ లేస్తోందండి. మొదటినుంచి మొదలుపెట్టాను. అంతా మీరు నేర్పినట్టే చేస్తున్నాను, నాకు వేరే పద్ధతి రాదు కదండీ. పిలవడం ఒక్కటే మానేశాను. ఏం కావాలన్నా నేనే దాని దగ్గరికి వెళ్తున్నాను."