నిలబడి తిన్న తిండి

మా వదిన అబద్ధమాడదు. ఇది ప్రేమ కొద్దీ అంటున్న మాట కాదు. నేను బళ్లో సైన్సు చెబుతాను, తప్పులు పట్టడం నా వృత్తి, ఇంటికొచ్చాక కూడా ఆ జబ్బు వదలదు. ఇరవై రెండేళ్లుగా ఒకే ఇంట్లో ఉంటున్నాం. మా అన్నయ్యా, అమ్మా నాకు ఎన్నిసార్లు దొరికిపోయారో చెప్పలేను గానీ, వదిన ఒక్కసారీ దొరకలేదు. అందుకే ఆసుపత్రిలో డైటీషియన్ ఆమె రోజూ తిన్నది రాసుకున్న పుస్తకం మూసి, "ఇందులో అన్నీ రాశారా అమ్మా?" అని మెత్తగా అడిగినప్పుడు వదిన కంటే ముందు నాకే ఒళ్లు మండింది.

వదిన ఒక ప్రింటింగ్ ప్రెస్సులో బైండింగు పని చేస్తుంది. అచ్చయి వచ్చిన కాగితాలు మడిచి, వరస తప్పకుండా పేర్చి, సూదీ దారంతో కుట్టి, జిగురు పూసి అట్ట వేస్తుంది. అలా చేత్తో కుట్టడం ఇప్పుడు ఆ ప్రెస్సులో ఆమె ఒక్కతికే వచ్చు. కటింగ్ మిషను దగ్గర రాలిపడే కాగితపు పట్టీలను కూడా పారేయనివ్వదు. వాటితో అరచేతంత పుస్తకాలు కుట్టి, అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ పంచుతుంది.

ఆ పని జరిగేది రెండో అంతస్తులో. ఆరు నెలల కిందట ఒక ఉదయం మొదటి అంతస్తు కూడా చేరకుండానే మెట్ల మీద కూర్చుండిపోయింది. మోకాళ్లు లేవనివ్వలేదు, ఊపిరి అందలేదు. మిషను దగ్గర పనిచేసే ఇద్దరు చెరో రెక్కా పట్టుకుని మొదటి అంతస్తు దాకా ఎక్కించారు. అక్కణ్నుంచి కాగితం కట్టలు తోసే బండి మీద కూర్చోబెట్టి, 'మనుషులు ఎక్కరాదు' అని రాసి ఉన్న సరుకుల లిఫ్టులో కిందికి దించారు. ఎవరూ నవ్వలేదట. నవ్వినా బాగుండేదని వదిన అంది. ఓనరు మంచివాడే, ఇకమీదట కింద కౌంటర్లో కూర్చుని బిల్లులు రాసుకోమన్నాడు. ఆ మంచితనానికే వదినకు కన్నీళ్లొచ్చాయి. మెట్లెక్కలేకపోతే సూది ఆమె చేతిలోంచి పోయినట్టే మరి.

ప్రెస్సుకి సెలవు పెట్టింది. పొట్ట చిన్నది చేసే ఆపరేషన్ గురించి అడిగింది తనే, వెళ్లి సర్జన్ని కలిసిందీ తనే. సన్నబడి చీరల కొట్టు బొమ్మలా నిలబడాలన్న కోరిక ఆమెకు ఏ కోశానా లేదు. ఎవరూ పట్టుకోకుండా రెండంతస్తులు ఎక్కాలి, అంతే. సర్జను షరతులు పెట్టాడు. ముందు పది కిలోలు తగ్గాలి. తిన్నదల్లా రాయాలి. ఆపరేషన్‌కి రెండు వారాల ముందు నుంచి ద్రవాలు తప్ప ఏమీ పుచ్చుకోకూడదు. అలా చేస్తేనే కాలేయం కుంచించుకుని పొట్ట దాకా కత్తికి దారిస్తుందట. "కత్తి నా దగ్గరుంది గానీ తాళంచెవి డైటీషియన్ దగ్గరుంది. ఆవిడ సంతకం పెట్టకపోతే నేను ముట్టుకోను," అన్నాడు.

ఇంట్లో అమ్మ నిప్పులు కక్కింది. నోరు కట్టుకుంటే పోయేదానికి కడుపు కోయించుకోవడమేమిటని పొద్దున్నా సాయంత్రం అదే పాట. అన్నయ్య ఫోన్లో ఆపరేషన్ వీడియోలు చూసి, చూసింది చాలక మాకూ చూపించి, అందరినీ బెదరగొట్టాడు. వదిన మాత్రం తను కుట్టిన పుస్తకమొకటి తీసి, గీతలు గీసుకుని, రాయడం మొదలుపెట్టింది. పొద్దున రెండు రొట్టెముక్కలు, ఒక గుడ్డు. మధ్యాహ్నం కప్పు అన్నం, కూర. రాత్రి మళ్లీ రొట్టె. మూడు వారాలు ఒక్క పూట వదల్లేదు.

ఆ లెక్కన మూడు కిలోలైనా తగ్గాలి. తూకం మీద నిలబడితే ఒక కిలో పెరిగింది. డైటీషియన్ వయసులో చిన్నది, గొంతు పెంచే మనిషి కాదు. అయినా ఆమె అడిగిన ఆ ఒక్క ప్రశ్నకి వదిన మొహం నల్లబడిపోయింది. ఆ అమ్మాయి ఇంకో మాట కూడా చెప్పింది. ఇంట్లో ఎవరైనా ఒక్క రోజు పక్కనే కూర్చుని, నోట్లోకి వెళ్లినదల్లా రాయాలి, మధ్యలో ఏమీ అనకూడదు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో వదిన, "నా చేత్తో కుట్టిన పుస్తకంలో అబద్ధం రాస్తానా?" అంది. రాయదని నాకు తెలుసు. కానీ తూకానికి ఆమె మీద పగేమీ లేదు కదా. ఇక్కడ నా బుద్ధి కూడా చెప్పుకోవాలి. పై అరలో బిస్కెట్ల డబ్బా ఏదో దాచి ఉంటుందని నాకు అనుమానం మొదలైంది. రాసే పని నాకివ్వమని నేనే ఎగబడ్డాను.

ఆదివారం పెన్సిలు పట్టుకుని వంటింటి గుమ్మంలో ముక్కాలి పీట వేసుకున్నాను. పరీక్ష హాల్లో కూర్చున్నంత ఉషారుగా ఉంది నాకు. పై అర వైపు వదిన చెయ్యి చాస్తుందని మధ్యాహ్నం దాకా చూశాను. చాచలేదు. పొద్దున అమ్మ తాగగా గ్లాసులో పాలు మిగిలాయి. వదిన గ్లాసు కడగబోతూ ఆ పాలు తాగేసింది, నేను రాశాను. అన్నయ్య ఫోనొచ్చిందని రొట్టె సగంలో వదిలేసి లేచాడు. పళ్లెం తీస్తూ, నాతో కరెంటు మనిషి ఎప్పుడొస్తాడో మాట్లాడుతూనే, అది నోట్లో వేసుకుంది. మధ్యాహ్నం మేం ముగ్గురం తిన్నాక తను తిన్నది చెప్పినట్టే కప్పు అన్నం. కానీ దానికి ముందు కూరగిన్నె అడుగు గరిటెతో గీకింది, అన్నం గిన్నెకు అంటుకున్నది వేళ్లతో తీసుకుంది, అమ్మ పక్కకు పెట్టిన బంగాళాదుంప ముక్కలు తిన్నది. ఇవన్నీ కొళాయి పక్కన నిలబడే. ఆమె చూపు ఆ పళ్లేల మీద కూడా లేదు.

ఇక నా పళ్లెం. నాకు చిన్నప్పటి నుంచీ సగం తిని సగం వదిలే అలవాటు. నలభై ఏళ్లొచ్చినా నడుము మారలేదని నలుగురిలో చెప్పుకుంటూంటాను కూడా. సాయంత్రానికి కాగితం చూసుకుంటే, ఎవరి పళ్లెంలోదో రాసిన పక్క వరసలో 'నాది, నాది, నాది' అని ఏడుసార్లు ఉంది. నేను వదిలేసిన సగం ఇరవై రెండేళ్లుగా ఎక్కడికి వెళ్తోందో నేను ఒక్కనాడూ అడగలేదు.

కాగితం ఇచ్చాను. వదిన నిలబడే చదివింది, మళ్లీ మొదటి నుంచి చదివింది. ఆమె మొహంలో కోపం కంటే ఆశ్చర్యమే ఎక్కువ కనిపించింది.

"ఇది తిండెలా అవుతుంది? గిన్నెలు తోమే ముందు చేసే పని కదా!"

ఆ తర్వాత కుర్చీలో కూలబడి ఏడ్చింది. ఎనిమిదిమంది పిల్లల్లో ఆరోదాన్ననీ, తనకంటూ పళ్లెం ఉండేది కాదనీ, మిగిలితేనే తన వంతనీ అప్పుడు చెప్పింది. ఇన్నేళ్లలో మాకెవరికీ చెప్పలేదు, మేమూ అడగలేదు. అమ్మ గుమ్మం దగ్గర నిలబడి విన్నది. మా కోడలు మెతుకు కూడా పారెయ్యదని ఊరంతా చాటింపు వేసిన మనిషి, మర్నాడు పొద్దున పాలు మొత్తం తాగి, గ్లాసు తనే కడిగి బోర్లించింది.

అప్పట్నుంచి మా ఇంట్లో చట్టం మారింది. ఎవరి పళ్లెం వాళ్లే కడగాలి. కొంచెమే వడ్డించుకోవాలి, మిగిలితే ఎవరిది వాళ్లే తీసి పారేయాలి. వినడానికి చిన్న సంగతే, తల ప్రాణం తోకకొచ్చింది. వదినకు ఒక చిన్న పళ్లెం కొన్నాం. దాని ముందు కూర్చోవడం ఆమెకు చేతకాలేదు. ఉప్పు తెస్తానని ఒకసారి, తలుపు గడియ పెట్టానా అని ఒకసారి లేచి పోయేది. అన్నయ్య ఆమె భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టేవాడు. ముద్దకు ముప్పైసార్లు నమలాలి, మధ్యలో నీళ్లు తాగకూడదు. మేం ముగ్గురం లేచిపోతే ఆమె కూడా లేచిపోతుందని తోడుగా మేమూ నమిలాం. ముప్పై నిమిషాలపాటు నలుగురు పెద్దవాళ్లు ఉలుకూ పలుకూ లేకుండా నములుతూ ఒకరి మొహాలొకరు చూసుకుంటే నవ్వు రాకుండా ఉంటుందా? నవ్వితే లెక్క తప్పి మళ్లీ మొదటికి.

ఊపిరితిత్తుల కోసం ఆసుపత్రివాళ్లు మూడు బంతులున్న ప్లాస్టిక్ పరికరం ఇచ్చారు. గొట్టం నోట్లో పెట్టుకుని గాలి లోపలికి పీలిస్తే బంతులు లేవాలి. వదిన మొదట్లో ఒకటి లేపింది, నెల తిరిగేసరికి రెండు. ఒకరోజు బడి నుంచి త్వరగా వచ్చాను. అమ్మ బుగ్గలు లోపలికి లాక్కుపోయేలా ఆ గొట్టం పీలుస్తోంది. నన్ను చూసి దొంగలా దాచబోయింది. ఇది బాగా పీలిస్తే మత్తు నుంచి తప్పకుండా లేస్తారా అని అడిగింది. అన్నాళ్లూ ఆమె తిట్లన్నీ భయమేనని నాకప్పుడు అర్థమైంది. "అది లేవకపోతే నాకెవరున్నారే," అంది. ఆ మాట వదినతోనే చెప్పమన్నాను. చెప్పిందో లేదో గానీ, ఆ రోజు నుంచి ఆపరేషన్ తేదీ ఎప్పుడని అడగడం మొదలుపెట్టింది.

మూడు నెలల్లో తొమ్మిది కిలోలు తగ్గింది. మిగిలిన కిలో ద్రవాలతో పోతుందని తేదీ ఇచ్చారు. ద్రవాల రెండు వారాలు మొదలయ్యాయి. సూపు, మజ్జిగ, నీళ్లలో కలుపుకునే ఆసుపత్రి పొడి. వంట అన్నయ్యకు అప్పజెప్పాం. ఆయన వంట గురించి చెప్పి మీ నోరు పాడుచెయ్యను. తొమ్మిదో రోజు మధ్యాహ్నం నాకు బడి నుంచి ఫోనొస్తే పళ్లెం బల్ల మీదే వదిలి లేచాను. చట్టం నేనే పెట్టి నేనే తప్పాను. వచ్చేసరికి వదిన బల్ల దగ్గర నిలబడి ఉంది. నమలడం ఆపి నా వైపు చూసింది.

"రెండు ముద్దలు," అంది.

తప్పు నాదేనని బతిమాలాను, నన్ను నేను తిట్టుకున్నాను. ఆమె అదంతా విననట్టే వెళ్లి పుస్తకం తెచ్చుకుంది. 'ఆడపడుచు పళ్లెంలోంచి రెండు ముద్దలు, నిలబడి' అని రాసింది. మర్నాడే డైటీషియన్ దగ్గరికి వెళ్లాలి, సంతకం రేపే. తేదీ పోతే మళ్లీ ఎన్ని నెలలో. ఓనరు కౌంటర్లో కుర్చీ సిద్ధంగా పెట్టే ఉంచాడు. తప్పులు పట్టి బతికే నేను, పిల్లలు రబ్బరుతో చెరిపితే చెవి మెలిపెట్టే నేను, ఆ వాక్యం కొట్టేయమన్నాను. రెండు ముద్దలకు కాలేయానికి ఏమీ కాదు, నేనెవరికీ చెప్పను అన్నాను.

వదిన తల అడ్డంగా ఊపింది. "ఇన్నేళ్లూ తిన్నాను గానీ, తింటున్నానని నాకే తెలీదు. నోట్లో ఉండగా తెలిసింది ఇదే మొదటిసారి. దీన్నెలా కొట్టేస్తాను?"

మర్నాడు డైటీషియన్ ఆ పేజీ దగ్గర ఆగింది. వదిన చేతులు ఒళ్లో పెట్టుకుని నిటారుగా కూర్చుంది. నేను మాత్రం గోళ్లు కొరుక్కుంటున్నాను. ఆ అమ్మాయి పుస్తకం పట్టుకుని సర్జన్ గదిలోకి వెళ్లింది. పదిహేను నిమిషాలు రాలేదు. వచ్చి, తూకం మీద నిలబడమంది. మొత్తం పన్నెండు కిలోలు తగ్గింది. ఆ రెండు ముద్దల గురించి ఆమె తిట్టనూ లేదు, పోనీలే అననూ లేదు. మిగిలిన అయిదు రోజులు కచ్చితంగా ఉండాలని చెప్పి, "మూడు వారాలు ఏ తప్పూ లేకుండా రాసిన ఆ మొదటి పేజీలకి నేను సంతకం పెట్టలేకపోయానమ్మా. దీనికి పెడతాను," అంది. పెట్టింది. తేదీ మారలేదు.

బయట వరండాలో, క్యాంటీనుకు ఎదురుగా, బెంచీ మీద కూర్చున్నాం. నేను అన్నయ్యకు ఫోను చేసి చెబుతుంటే వెనక అమ్మ ఏడుపో నవ్వో తెలియని గొంతు వినిపించింది. ఫోను పెట్టేశాక వదిన వైపు తిరిగాను. ఆమె బిడియంగా, అయినా స్పష్టంగా అంది.

"నాకు ఆకలేస్తోంది. నా సూపు తెచ్చిపెడతావా?"

ఇరవై రెండేళ్లలో మాకందరికీ ఆకలేసింది. ఆమెకు ఆకలేస్తుందని ఆమె నోటి నుంచి వినడం నాకదే మొదటిసారి. ఒక్క ఉదుటున లేచాను.