ఇంటినిండా ఒకే కారు

ఆయన ఎవరికీ ఒక్క అక్షరం నేర్పలేదు. అయినా వీధి మొత్తానికీ ఆయన మాస్టారే. కట్టుడు పళ్ళు తయారుచేయడం ఆయన వృత్తి. నోట్లోంచి పళ్ళసెట్టు తీసి ఎదుటిమనిషి చేతిలో పెట్టి "కాస్త చూడండి" అనాల్సి వచ్చినప్పుడు, ఆ మనిషిని ఏదో ఒక గౌరవంతో పిలవకపోతే బాగుండదని ఎవరికో తోచింది. ఆ పిలుపే నిలిచిపోయింది.

మాస్టారికి పేరు తెచ్చింది ఒక అలవాటు. పళ్ళు కట్టించుకోవడానికి ఎవరొచ్చినా ముందు పాత ఫోటో ఒకటి తెమ్మనేవారు, నవ్వుతూ దిగింది. వయసులో ఉండగా ఆ మనిషికి ఏ పన్ను ఎటు ఒరిగి ఉండేదో, ఎక్కడ సందు ఉండేదో భూతద్దం పెట్టి చూసి, మైనంలో పళ్ళు అమర్చేటప్పుడు ఆ వంకరను కూడా ఉన్నదున్నట్టు దింపేవారు. ముత్యాల్లాంటి వరస కావాలని పట్టుబట్టినవాళ్ళకు ఆయన దగ్గర ఒకటే జవాబు.

"అలాగే పెడతాను. ఇంటికెళ్ళాక మీ ఆవిడ మిమ్మల్ని చూసి ఎవరండీ మీరు అంటే మాత్రం నా దగ్గరికి రాకండి."

ఇంత తెలిసిన మనిషి ఇంట్లోనే ఆ కారు సంగతి జరిగింది.

కారు మామగారిది. గుండ్రటి ముక్కు, బయటికి పొడుచుకొచ్చిన పెద్ద కళ్ళలాంటి దీపాలు, మీగడ రంగు. మామగారు పోయాక అది వాళ్ళింటి పెరట్లో తుప్పు పట్టి కూర్చుంటే, బావమరిది దాన్ని తుక్కువాడికి ఇచ్చేస్తానన్నాడు. మాస్టారి భార్య ఏడవలేదు, తమ్ముడితో గొడవపడలేదు. గుమ్మంలో నిలబడి కారు వంక చూస్తూ ఉండిపోయింది. ఏడ్చి ఉంటే మాస్టారు నాలుగు మాటలు చెప్పి ఊరుకోబెట్టేవారు. ఏడవలేదు కాబట్టి ఏం చెయ్యాలో తోచక మాట ఇచ్చేశారు.

"నేను బాగుచేస్తానే. మళ్ళీ మీ నాన్న కారు చేసి, నిన్ను ఎక్కించుకుని తిప్పుతాను."

"సరే. అది నాన్న కారు అయిందని మీరు చెప్పిన రోజే ఎక్కుతాను. అందాకా అందులో కాలు పెట్టను" అంది ఆవిడ.

మాస్టారికి ఆ రోజునుంచి జీవితంలో ఒకే కోరిక మిగిలింది. ఆవిడ ఆ కారులో కూర్చుని, ఇది మా నాన్న కారే అనాలి.

తాడు కట్టి లాక్కొచ్చి ఇంటి పక్క షెడ్డులో పెట్టారు. పది ఆదివారాలు చాలన్నారు మాస్టారు. కారు వచ్చిన రోజున వాళ్ళమ్మాయి మూడుచక్రాల సైకిలు తొక్కుతోంది. గేర్‌బాక్సు తిరిగి బిగించేసరికి డ్రైవింగ్ లైసెన్సు తెచ్చుకుంది, వేరే కారు మీద.

ఆలస్యానికి కారణం బద్ధకం కాదు. పళ్ళ మీద పెట్టే ఓపికంతా మాస్టారు కారు మీద పెట్టారు. అసలు రంగు ఏదో తేల్చడానికి డాష్‌బోర్డు వెనక ఎండ తగలని రేకు దగ్గర పళ్ళ రంగుల నమూనాలు పెట్టి చూశారు. అది పొగ అలవాటు లేని నడివయసు మనిషి పంటి రంగని తేలింది. రంగుల దుకాణంలో అదే మాట చెప్పి ఇమ్మంటే వాళ్ళు ముఖముఖాలు చూసుకున్నారు. స్టీరింగు పగుళ్ళను చిగుళ్ళకు వాడే ముద్దతో పూడ్చి, పైన నలుపు వేశారు. ఒక్కో భాగం విప్పడం, దాని బదులు కొత్తది దొరికేదాకా ఊళ్ళు తిరగడం, దొరికాక పాతది షెడ్డు బయటికి గిరాటు వేయడం, ఇదీ పద్ధతి.

గిరాటు వేసింది ఏమైందని ఆయన ఎన్నడూ అడగలేదు.

బావమరిది వచ్చినప్పుడల్లా షెడ్డులోకి తొంగిచూసి పరామర్శించేవాడు. "ఏం బావా, పిల్లకి పళ్ళొచ్చాయా?"

"వస్తున్నాయి."

"నడక కూడా వచ్చాక కబురు చెయ్యి. చూసి పోతాను."

మాస్టారికి చిరాకంతా ఇంట్లోకి వచ్చాక పుట్టేది. షెడ్డులో ఒక్క మరలో నూలుపోగంత తేడా ఉండనివ్వని మనిషికి, వంటింటి అలమర తలుపు చూస్తే ఒళ్ళు మండేది. అది పడేది కాదు. నెట్టి వెనక్కి తిరగగానే కిర్రుమంటూ తెరుచుకుని మోచేతికి కొట్టుకునేది. కాగితం మడిచి సందులో పెట్టారు, దారం కట్టారు.

"ఏ వడ్రంగి చేశాడే దీన్ని? ఇంత దిక్కుమాలిన లాకు లోకంలో ఇంకోటి ఉండదు."

"ఉండదు లెండి. నాకు అలవాటే" అనేది భార్య, తలుపును మోకాలితో ఆపుకుంటూ.

చివరికి ఒక ఆదివారం పొద్దున ఇంజను మొదటి పిలుపుకే పలికింది. మాస్టారు గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా వేసుకుని, "అయిందే. మీ నాన్న కారు అయింది, రా" అన్నారు. అమ్మాయి గేటు తీసింది. ఆవిడ చేతులు తుడుచుకుంటూ వచ్చి, కాసేపు నిలబడి చూసి, ముందు సీట్లో కూర్చుంది. తలుపు వెల్వెట్టు డబ్బా మూసుకున్నంత మెత్తగా పడింది.

వీధి చివరిదాకా వెళ్ళారు. మలుపు తిరిగారు. కారు కదులుతున్నట్టు కూడా తెలియడం లేదు. మాస్టారు ఒక చెవి ఇంజనుకూ ఇంకో చెవి భార్యకూ అప్పగించి నడుపుతున్నారు. ఆవిడ చేతులు ఒడిలో పెట్టుకుంది, తీసింది, మళ్ళీ పెట్టుకుంది.

"చాలా బాగుందండీ. ఎవరిదీ కారు?" అంది.

మాస్టారు కారు పక్కకు ఆపారు. "ఎవరిదేంటే? ఒక్క చుక్క ఆయిలు కారదు. ఒక్క చప్పుడు లేదు."

"అదే చెప్తున్నాను. నాన్న కారులో ఈ తలుపు పడేది కాదు. ఎప్పుడూ ఇటు కూర్చునేది నేనే. మలుపు రాగానే 'తలుపు పట్టుకో తల్లీ' అనేవారు. పరీక్షలకి వెళ్ళినా, ఆస్పత్రికి వెళ్ళినా పట్టుకునే కూర్చున్నాను. ఇప్పుడు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియట్లేదు. మీ తప్పేం లేదు లెండి."

తప్పేం లేదన్న మాట మాస్టారికి అన్నిటికన్నా ఎక్కువ గుచ్చుకుంది. కారు షెడ్డులో పెట్టి, గుడ్డ కప్పేశారు.

మర్నాడు పనిచోటికి ఒక పెద్దావిడ కొత్త సెట్టు పెట్టించుకోవడానికి వచ్చింది, వెంట భర్త. ఫోటోలో ఆవిడ పైవరసలో ఒక పన్ను పక్కదాని మీదికి ఎక్కి ఉంది. మాస్టారు అలాగే ఎక్కించారు. ఆవిడ అద్దంలో చూసుకుని మూతి ముడిచింది.

"ఇన్నాళ్ళకి పోయిందనుకున్నాను దరిద్రం. మళ్ళీ తెచ్చిపెట్టారా?"

భర్త మాత్రం కళ్ళజోడు సవరించుకుని ముందుకు వంగాడు. "నవ్వు. ఆఁ, అదీ. ఇప్పుడు మా ఇంటిదానివి."

మాస్టారి చేతిలో అద్దం అలాగే ఉండిపోయింది. జీవితమంతా ఊరివాళ్ళకు చెప్పిన మాట తన షెడ్డు గడప దాటి లోపలికి ఒక్కసారీ పోలేదు. అందరి వంకరలూ భూతద్దం పెట్టి వెతికిన మనిషి, ఒక్క కారుకు మాత్రం ఉన్న వంకరలన్నీ ఏరి బయట పారేశాడు.

భోజనం వేళకు ముందే ఇంటికొచ్చి షెడ్డు వెనకంతా తిరగేశారు. ఒక్క మేకు దొరకలేదు.

"ఏమే, ఆ పాత తలుపు లాకు ఎక్కడ పారేశానో చూశావా?"

"పారేసింది మీరు. నేనేం పారేయలేదు" అని ఆవిడ గరిటెతో అలమర వైపు చూపించింది.

మాస్టారు వంగి చూశారు. కాగితం మడత తీశారు, దారం తెంపారు. వంపు తిరిగిన కారు పిడి, దాని వెనక అరిగిపోయిన లాకు నాలిక. తలుపు కిర్రుమంటూ తెరుచుకుని మోచేతికి కొట్టుకుంది. ఈసారి ఆయన తిట్టలేదు. తలెత్తి చూస్తే నీళ్ళబిందె మీద మూతగా ఉన్నది కారు చక్రం టోపీ. గోడగడియారం చుట్టూ ఉన్న మెరుపు పట్టీ కారు పాత దీపంది. ఇన్నేళ్ళుగా రోజూ పొద్దున తను గడ్డం గీసుకుంటున్నది మామగారి కారు అద్దంలో.

"నాకు ఒక్కమాట చెప్పచ్చుగా?"

"మీరు షెడ్డులో ఒక కారు చేసుకుంటున్నారు కదా, మధ్యలో ఎందుకులే అనుకున్నాను. నాకు ఇంట్లో ఒకటి ఉందిగా" అంది ఆవిడ, అన్నం గిన్నె దించుతూ.

బాగున్న తలుపును పాడుచేయడం బాగుచేయడంకన్నా కష్టమని మాస్టారికి అప్పుడే తెలిసింది. పాత లాకు బిగించారు. మరీ వదులైంది. కాస్త బిగించారు, తలుపు పూర్తిగా మూసుకుపోయింది. మళ్ళీ వదులుచేశారు. పడీపడనట్టు, మలుపు వచ్చినప్పుడు మాత్రమే తెరుచుకునేట్టు కుదిరేసరికి నడుము పట్టేసింది. కొత్త లాకు వంటింటి అలమరకు వెళ్ళింది. అదిప్పుడు వెల్వెట్టు డబ్బాలాగా పడుతుంది.

ఆ సాయంత్రం ఇద్దరూ కారులో గేటు దాటేసరికి బావమరిది ఎదురొచ్చి, సరిగ్గా పడని తలుపు చూశాడు.

"ఏం బావా, ఇన్నేళ్ళు చేసి తలుపు కూడా పడట్లేదేంటి?"

"పడదు. కష్టపడి చేశాను" అన్నారు మాస్టారు గంభీరంగా.

వీధి చివర మలుపు దగ్గర ఆయన చెప్పబోయేలోగానే ఆవిడ చెయ్యి పిడి మీద ఉంది. తలుపు కిర్రుమంది. ఆవిడ లాగి పట్టుకుని, వెనక్కి ఆనుకుని, కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. మాస్టారు ఆ ఒక్క మాట కోసం చెవి అటే పెట్టారు.

"నాన్న ఇంత మెల్లగా తోలేవారు కాదండీ" అంది ఆవిడ.

మాస్టారు గేరు మార్చారు.