ఒడిలో బంతి

మా చరిత్ర మేడం చనిపోయారన్న కబురు టీమ్ గ్రూపులో వచ్చినప్పుడు నేను ఉప్పుగూడ స్టేషన్లో రైలు కోసం నిలబడి ఉన్నాను. నా సంచిలో గ్లవ్స్ కింద ఆవిడకు చూపించాల్సిన జవాబు ఉంది. రెండున్నర పేజీలు. ఆ కాగితాలను ఇప్పటికీ ఎవరూ దిద్దలేదు. నేను ఎవరికీ ఇవ్వలేదు.

సంతాప సభలో ఒకాయన, "కఠినంగా ఉండేవారు, అయినా మంచి మనసు" అన్నారు. అందరూ తలలూపారు. నేను ఊపలేదు. ఆ 'అయినా' నాకు మింగుడుపడలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

మాది పాతబస్తీలో ఆడపిల్లల డిగ్రీ కాలేజీ. స్పోర్ట్స్ కోటాలో ఏటా కొందరు ఫుట్‌బాల్ అమ్మాయిలను తీసుకుంటారు. నన్ను గోల్‌కీపర్‌గా ఎంచుకున్న రోజు ఆటలు చూసుకునే పీడీ సార్ మా బాపుతో, "చదువు సంగతి నాకిడిసిపెట్టు భాయ్. నీ బిడ్డ గోల్ చూసుకుంటే చాలు" అన్నారు. తాపీపని చేసే మా బాపు చేతులు జోడించాడు. పీడీ సార్ చెడ్డవారు కాదు. కాలేజీలో మొదటినుంచీ అలాగే నడిచింది. ఇంటర్నల్ పరీక్షకు వెళ్లి పేరూ, రోల్ నంబరూ రాసి వస్తే మార్కులు వాటంతటవే పడేవి.

నేనూ అలాగే రాసి వచ్చాను. మేడం సున్నా వేశారు.

సెమీఫైనల్‌కు వెళ్లే జట్టు జాబితా మీద లెక్చరర్లు సంతకాలు పెట్టాలి. ఆవిడ నా పేరు దగ్గర ఆగి పెన్ను మూసేశారు. పీడీ సార్ బతిమాలారు, తర్వాత గొంతు పెంచారు. "ఒక్క సంతకం మేడం. గింతదానికి గింత లొల్లా?"

"బంతి పట్టుకోవడం రాని పిల్లను మీరు గోల్‌లో నిలబెడతారా సార్?" అన్నారావిడ. "నేనూ అంతే."

ఆ మ్యాచ్ నేను బెంచీ మీద కూర్చుని చూశాను. నా బదులు నిలబడిన అమ్మాయి తల మీదుగా బంతి వెళ్లి వలలో పడింది. ఒకే ఒక్క గోల్‌తో ఓడిపోయాం. తిరుగు బస్సులో నా పక్క సీటు ఖాళీగానే ఉంది. ఆవిడను తిట్టుకున్నంతగా నేను ఎవరినీ తిట్టుకోలేదు.

మర్నాడు ప్రాక్టీసుకు వెళ్లేసరికి గ్రౌండ్ అంచున ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, గొడుగు పట్టుకుని మేడం కూర్చున్నారు. బంతి ఆవిడ ఒడిలో ఉంది. అందరికీ తలా రెండు కాగితాలు పంచి, నా వైపు చూశారు.

"ఏమ్మా, నిన్న గోల్ ఎందుకు పడింది?"

"మీ వల్లనే పడ్డది మేడం."

టీమంతా బిగుసుకుపోయింది. ఆవిడ మాత్రం నవ్వారు. "సరే, అదొక కారణం. ఏదీ ఒక్క కారణంతో జరగదు. మిగతావి కూడా రాయి. రాశాకే బంతి."

కోపంతో రాశాను. మా డిఫెండర్లు ముందుకు వెళ్లిపోవడం, కీపర్ రెండడుగులు బయటికి రావడం, ఎదురెండ, నేను లేకపోవడం, నేను లేకపోవడానికి కారకులైనవారు. అడిగి మరో కాగితం తీసుకున్నాను. ఆవిడ పెన్సిల్‌తో కొన్ని వాక్యాల పక్కన గీతలు పెట్టారు. ఎర్ర సిరా ఎప్పుడూ వాడేవారు కాదు, చెరిపి మళ్లీ రాసుకునేలా ఉండాలనేవారు. "ఇవి తిట్లు. ఇవి కారణాలు. కారణాలు బావున్నాయి. ఇంతసేపట్లో మూడు పేజీలు రాసిన పిల్లకు రాయడం రాదని ఎవరు చెప్పారు?"

నిజానికి నాకు ఆ మాట ఎవరూ చెప్పలేదు. చెప్పకుండానే అందరూ ఒప్పుకున్నారు, నాతో సహా.

ఆ రోజు నుంచి అదే పద్ధతి. సాయంత్రం ఒక ప్రశ్న, ఒక జవాబు, తర్వాత బంతి. మేం ఆడుతుంటే ఆవిడ దిద్దుకునేవారు. బంతి అటు దొర్లితే తలెత్తకుండానే చెప్పుకాలితో ఆపేవారు. కృష్ణా జిల్లా నుంచి ఉద్యోగానికి వచ్చి మొఘల్‌పురాలో స్థిరపడిన ఇంట్లో పుట్టిన మనిషి. మాతో ఇంటి తెలుగు, బయట పండ్ల బండి దగ్గర మాత్రం అచ్చమైన దక్కనీ ఉర్దూ. "నీ యాస మార్చుకోకు. వాక్యం మాత్రం సగంలో వదలకు" అనేవారు. 'తత్ఫలితంగా' అన్న మాట నేను ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను. వారం రోజులు ఇంట్లో అన్నీ తత్ఫలితంగానే జరిగాయి. అన్నం మాడితే కూడా. "ఏందే ఆ మాట, కూర గిట అడుగంటితే ఇంకేమంటవో" అని అమ్మ గరిటె చూపించింది.

ఆవిడ మమ్మల్ని ఆపారని చెప్పేవాళ్లు సగమే చెబుతారు. ఊరి బయట మ్యాచ్‌కు వెళ్లిన రోజు పరీక్ష జరిగితే, మాకు గైర్హాజరు వేశారు. అప్పుడు ప్రిన్సిపాల్ గది ముందు రెండు రోజులు కూర్చున్నది ఆవిడే. "ఆడిన రోజుకు గైర్హాజరు వేయడమూ తప్పే, రాయని పేపరుకు మార్కులు వేయడమూ తప్పే" అన్నారట. మాకు మళ్లీ పరీక్ష పెట్టించారు. నేను సొంతంగా పాసయ్యాను. తర్వాతి జాబితాలో నా పేరు పక్కన ఆవిడ సంతకం పడింది.

ఇప్పుడు టోర్నమెంట్ దగ్గరికొచ్చింది. సంతాప సభ అయిన మర్నాడే పీడీ సార్ మమ్మల్ని పిలిచి, మేం బాధలో ఉన్నాం కాబట్టి ఈసారి ఇంటర్నల్ రాయనక్కర్లేదనీ, మార్కులు వేయిస్తాననీ చెప్పారు. యాకుత్‌పురా నుంచి వచ్చే మొదటి సంవత్సరం అమ్మాయి ముఖం వెలిగింది. ఆమె మా స్ట్రైకర్. ఆమె లేకపోతే మేం గెలవడం కష్టం. చరిత్రలో ఆమె ఇంకా తడబడుతోంది.

"మస్తు బేఫికర్ అయిపోయిన అక్కా, ఇగ ఏ చింతా లేదు" అంది నాతో. "రాయకుండనే పాస్ చేస్తమంటే వద్దంటరా ఎవరన్న?"

"నువ్వు కొట్టకుండనే నీ పేరు మీద గోల్ రాస్తే ఊకుంటవా?"

ఆమె బూటు లేసు లాగి బిగించింది. "ఊకోను" అంది. "కానీ ఫెయిలైతే?"

"ఆడవు. బెంచీ మీద నీ పక్కన నేను గూడ కూసుంట."

పన్నెండు మందిమీ సంతకాలు పెట్టి ప్రిన్సిపాల్‌కు అర్జీ ఇచ్చాం. వాక్యాలు నావి. మాకు పరీక్ష పెట్టండి, తప్పినవాళ్లను జాబితాలోంచి తీసేయండి. పీడీ సార్ మండిపడ్డారు. గెలవాలని లేదా అని అడిగారు. ఉంది సార్, అందుకే రాస్తం అన్నాను. ప్రిన్సిపాల్ సరేనన్నారు. పరీక్ష రేపు.

కఠినం అంటే ఏమిటో నాకు తెలుసు. మీవల్ల కాదులే అని మార్కులు వేసి పంపేయడం కఠినం. మావల్ల అవుతుందని కుర్చీ వేసుకుని కూర్చున్న మనిషికి ఏ 'అయినా' అక్కర్లేదు.

ఈ సాయంత్రం గ్రౌండ్ అంచున అదే ప్లాస్టిక్ కుర్చీ వేశాం. దాని మీద బంతి పెట్టాం. ప్రశ్న నేను ఇచ్చాను. ఒక్కొక్కరే రాయడం ముగించి లేచారు. యాకుత్‌పురా అమ్మాయి ఒక్కతే గోడకు ఆనుకుని, మోకాళ్ల మీద కాగితం పెట్టుకుని, పెన్సిల్‌తో ఇంకా రాస్తోంది. పీడీ సార్ విజిల్ వేశారు. మళ్లీ వేశారు. బూట్లు కట్టుకుని పదకొండు మందిమి నిలబడి ఉన్నాం. కుర్చీలోని బంతిని ఎవరమూ ముట్టుకోలేదు.