ఓడలో మా పెళ్లిరోజు కేకు

2016లో, మేముండే ఊరు ఇన్వర్‌కార్గిల్ చలి చాలదన్నట్టు, పెళ్లిరోజుకి మా ఆవిడ సుజాతతో నార్వే క్రూజ్ ఎక్కాను. మా ఉన్నికోట్ల బరువుకి ఓడ ఓ పక్కకి ఒరిగిందంటే నమ్మండి!

ఆమెకి చెప్పకుండా భోజనాల హాల్లో కేకు ఏర్పాటు చేశాను. సరిగ్గా అప్పుడే వాళ్లక్క ఉండే ఊరు లోవర్ హట్ నుంచి ఫోన్. సుజాతని పెంచిన అక్క పోయింది.

"ఏవండీ, అక్క ముఖం చివరిసారి చూడాలి. ఓడ ఆపమనండీ!"

చుట్టూ సముద్రం. ఇంతలో పెద్ద పటాలమంత మంది వెయిటర్లు పళ్లాలు వాయిస్తూ కేకు తెచ్చారు. సుజాత ఏడుపుని ఆనందబాష్పాలనుకుని హాలంతా చప్పట్లు కొట్టింది.

"అదృష్టవంతుడివి, ఎంత ప్రేమో!" అంది పక్క టేబుల్ పెద్దావిడ.

అసలు సంగతి చెబుదామని లేచాను. సుజాతే, "పాపం, వాళ్లకేం తెలుసండీ" అంటూ కత్తి అందుకుంది.

మేం లోవర్ హట్ చేరేసరికి అంతా అయిపోయింది. క్రూజ్ ఎక్కేవాళ్లకి బోలెడు సలహాలిస్తాను గానీ, ఆ కేకు ముక్క మాత్రం ఇంకా నా గొంతు దిగలేదు.