మొదటి మాట

ఈస్టర్ ముందు నలభై రోజుల శ్రమదినాలు వచ్చాయంటే చెల్పూర్ సువార్తమ్మ కోడి కూయకముందే మోకరిస్తుంది. కొంగు ముసుగేసుకుని, ఒక్కో వేలూ మడుస్తూ తన తప్పులు దేవుడికి చెప్పుకుంటుంది. మూడో వేలికి వచ్చేసరికి అవి పక్కింటివాళ్ల తప్పులైపోతాయి. సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల్లో మొదటిది, తెలియక చేసినవాళ్లను క్షమించమన్నది. గుడ్ ఫ్రైడే నాడు చర్చిలో దాన్ని వివరించేది పదేళ్లుగా ఆమే. ఈసారి పాస్టరయ్య దాన్ని తోటికోడలు దీవెనకు ఇచ్చాడు. ఉపవాసానికి కూడా లేవని మంట ఆమె కడుపులో లేచింది.

"ఎట్ల చెప్పాలె అక్కా?" అని దీవెన అడిగితే, "తల వంచుకొని మెల్లగ చెప్పు, భక్తి కనవడ్తది" అంది. వెనక వరుసలకు వినబడదని తెలిసే అంది. మర్నాడు మోకరించి, "తెలియక చేసిన ప్రభువా" అనబోతే నోరు రాలేదు. లేచి రెండిళ్ల నడిమి గోడ దగ్గరికి నడిచింది.

"ఓ దీవెనా! నిన్న కావాలనే తప్పు చెప్పిన. కుళ్లుతోని. తల ఎత్తి గట్టిగ చెప్పు."

"అప్పుడే అనుకున్న అక్కా, నువ్వెన్నడు మెల్లగ చెప్పినవని!" దీవెన నవ్వి గొంతెత్తింది. ఆ గొంతు వీధి చివరిదాకా ఖంగుమంది. సువార్తమ్మ కడుపు మళ్లీ భగ్గుమంది. ఇంట్లోకి వెళ్లి మళ్లీ మోకరించింది. ఈసారి ఒక్క వేలే మడిచింది.